వీధికుక్క ఎవరి పూచీ?

మాస్టారు ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు కాలనీ సంఘానికి అధ్యక్షుడు. వీధికుక్కల మీద మునిసిపల్ కమిషనరుకి అర్జీ రాసి ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకుంటున్నారు. అమ్మాయి పగలు ఓ ఆడిటరు దగ్గర పనిచేస్తుంది. తెల్లవారుజామున, రాత్రిపూట, ఆదివారమంతా ఊళ్ళో దిక్కులేని కుక్కల్నీ పిల్లుల్నీ పశువుల్నీ చూసుకునే వాలంటీర్ల గుంపులో ఉంటుంది. ఆ గుంపులో జీతం తీసుకునేవాళ్ళు ఒక్కరూ లేరు. ఊరి చివర ఒకాయన వాడుకోమన్న స్థలంలో రేకుల షెడ్డు, ఒక పాత ట్రాలీ ఆటో, ఒక ఫోను. అదే వాళ్ళ ఆస్తి. వీళ్ళిద్దరూ నేను కల్పించుకున్న మనుషులే గాని, ఈ వాదన మాత్రం మన ఊళ్ళన్నిట్లోనూ జరుగుతున్నదే. నా మొగ్గు అమ్మాయి వైపే. అయినా మాస్టారి ప్రశ్నల్లో తీసిపారేసేది ఒక్కటీ లేదు. అందుకే ఆయన మాట ఎక్కడా తగ్గించకుండా రాస్తున్నాను.

మాస్టారు: ఇదిగో అమ్మాయ్, కాలనీ అంతా సంతకాలు పెట్టింది. నీదొక్కటే మిగిలింది.

అమ్మాయి: చదివాను మాస్టారూ. కుక్కలన్నిటినీ పట్టించి ఊరికి దూరంగా వదిలెయ్యాలని రాశారు. దీని మీద నేను సంతకం పెట్టలేను.

మాస్టారు: పెట్టవని తెలిసే వచ్చాను. ఎందుకు పెట్టవో నీ నోట విందామని. మా మనవరాలి పిక్క చూశావా? నాలుగు పళ్ళు దిగాయి. గాయం లోతుగా ఉంది, టీకా ఒక్కటే చాలదు, ఇమ్యునోగ్లోబులిన్ కూడా గాయం చుట్టూ ఎక్కించాలన్నారు. అది మన ఊళ్ళో దొరక్క రాత్రి పదింటికి పక్క ఊరికి పరిగెత్తాం. ట్యూషనుకి గంతులేసుకుంటూ వెళ్ళే పిల్ల ఇవాళ్టికీ ఒంటరిగా గేటు దాటదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి కుక్కలు చుట్టుముట్టి చంపేసిన వీడియో దేశమంతా చూసింది. ఆ తండ్రి ఎదుట నిలబడి జీవకారుణ్యం గురించి మాట్లాడగలవా?

అమ్మాయి: లేను. ఆ తండ్రి ముందు నోరెత్తే హక్కు నాకు లేదు. మీ పాప ముందూ లేదు. కాని ఈ కుక్కల్ని బైపాస్ అవతల వదిలేస్తే పాప భయం తీరుతుందా అని మిమ్మల్ని అడగొచ్చు కదా? సందు చివర చికెన్ కొట్టువాళ్ళు రాత్రిపూట సంచుల్లో కట్టి పారేసే పేగులూ తోళ్ళూ అక్కడే ఉంటాయి. తిండి ఉన్న చోటు ఖాళీగా ఉండదు. కొన్నాళ్ళకి పక్క పేట కుక్కలు వచ్చి చేరతాయి. వాటికి ఈ సందు కొత్త, మనం కొత్త. చోటు కోసం కొట్లాడుకుంటాయి, ఆ కొట్లాటలో దారినపోయేవాళ్ళ మీద పడతాయి. ఇక్కణ్ణించి పంపినవి మరో ఊరి పిల్లల్ని కరుస్తాయి. పైగా మన కాలనీ కుక్కల్లో కొన్నిటికి చెవి కొన కత్తిరించి ఉంటుంది, గమనించారా? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, రేబిస్ టీకా పడింది అని దానికి గుర్తు. అలాంటివాటిని పంపించేసి, టీకా లేనివాటికి చోటిస్తున్నామన్నమాట.

మాస్టారు: వదలడం కుదరదంటే చంపించెయ్యమంటాను. నా చిన్నప్పుడు మునిసిపాలిటీవాళ్ళు చేసింది అదే. మాంసంలో మందు కలిపి పెట్టేవాళ్ళు, తెల్లారి బండిలో ఎత్తుకుపోయేవాళ్ళు.

అమ్మాయి: మరి మీ చిన్నప్పుడు కుక్కలు లేకుండా పోయాయా? మద్రాసు కార్పొరేషన్ దశాబ్దాల తరబడి చంపింది. 1990ల నాటికి రోజుకి వందకు పైగా చంపేదని అక్కడి బ్లూ క్రాస్ జంతు సంక్షేమ సంస్థవాళ్ళు చెబుతారు. అన్ని చంపినా మర్నాటికి మళ్ళీ అన్ని దొరికేవి. ఆ బ్లూ క్రాస్‌ని 1959లో కెప్టెన్ సుందరం అనే పైలట్, ఆయన కుటుంబం తమ ఇంట్లోనే మొదలుపెట్టారు. చంపడం మాని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేద్దామని వాళ్ళు 1964 నుంచీ చెబుతూ వచ్చారు. కార్పొరేషన్ ఒప్పుకునేసరికి 1996 వచ్చింది. ముప్పై రెండేళ్ళు మాస్టారూ! ఇంకో ఐదేళ్ళకి, 2001లో, అదే పద్ధతిని దేశమంతటికీ నిబంధన చేశారు.

మాస్టారు: అప్పట్నుంచి పాతికేళ్ళుగా ఆపరేషన్లు, ఆపరేషన్లు అని వింటూనే ఉన్నాం. వీధుల్లో కుక్కలు తగ్గాయా, పెరిగాయా? నాకు కబుర్లు వద్దు, లెక్క చెప్పు.

అమ్మాయి: లెక్కే చెబుతాను, తప్పుంటే దిద్దండి. ఆడకుక్క ఏడాదికి దాదాపు రెండుసార్లు ఎదకొస్తుంది. అరవై మూడు రోజులకి ఈనుతుంది. ఈతకి నాలుగైదు పిల్లలు. పది కుక్కలున్న వీధిలో ఈ ఏడు రెండింటికి, పై ఏడు మరో రెండింటికి చేస్తే ఏమవుతుంది? మిగిలినవి కన్న పిల్లలు ఆ లెక్కని మింగేస్తాయి. చాలా ఊళ్ళలో జరిగింది అదే. ఫిర్యాదు వచ్చిన వీధికి బండి పంపడం, రెండిటిని పట్టడం, పేపర్లో ఫొటో. ఒక ప్రాంతంలో కుక్కల్లో నూటికి డెబ్బైకి తగ్గకుండా టీకా పడితేనే వాటిలో రేబిస్ ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అలా పట్టుబట్టి చేసిన చోట ఫలితం కనిపించింది. జైపూరులో హెల్ప్ ఇన్ సఫరింగ్ అనే సంస్థ 1994 చివర మొదలుపెట్టి, 2002 ముగిసేసరికి పాతికవేల దాకా కుక్కలకి ఆపరేషనూ టీకా చేసింది. వాళ్ళు పనిచేసిన మేర కుక్కలు నూటికి ఇరవై ఎనిమిది తగ్గాయి. మనుషుల్లో రేబిస్ కేసులు సున్నాకి వచ్చాయి. గోవాలో మిషన్ రేబిస్ అనే సంస్థవాళ్ళు వలలు పట్టుకున్న వాలంటీర్లని వెంటేసుకుని, ప్రభుత్వంతో కలిసి, ఏటేటా వీధి వీధీ తిరిగి టీకాలు వేశారు. 2021లో గోవాని రేబిస్ అదుపులో ఉన్న రాష్ట్రంగా ప్రకటించారు.

మాస్టారు: నూటికి డెబ్బై అన్నావు. బాగుంది. ఇప్పుడు మీ గుంపు లెక్క చూద్దాం. ఈ వారం రైలు గేటు దగ్గర కాలు విరిగిన కుక్కకి కట్టు కడతారు. పై వారం కాలవలో పడ్డ దూడని తీస్తారు. ఆ పై వారం మార్కెట్లో పిల్లికూనలు. ఫేస్‌బుక్కులో ఫొటోలు పెడతారు, జనం చేతులు జోడించిన బొమ్మలు పెడతారు. ఇందులో ఏ పేటకి డెబ్బై శాతం వచ్చింది? మునిసిపాలిటీని అన్న మాట మీకూ తగులుతుంది కదా?

(ఈ ప్రశ్నకి అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేదు. వీధి జంతువుల పని చేసే ఏ గుంపులోనైనా తెగని తగవు ఇదే. కళ్ళెదుట నెత్తురు కారుతున్న ఒక్క ప్రాణమా, ఇంకా పుట్టని వందల పిల్లలా? రెంటికీ చాలినన్ని చేతులు ఎవరి దగ్గరా లేవు.)

అమ్మాయి: తగులుతుంది. మా గుంపు చీలిపోయేదాకా వచ్చింది ఈ మాట మీదే. ఫోను మోగితే వెళ్ళకుండా ఎలా ఉంటామని కొందరు. మోగినప్పుడల్లా వెళ్తే ఏ వీధీ పూర్తికాదని కొందరు. చివరికి రోజులు పంచుకున్నాం. శని, ఆదివారాలు ఒక్క పేటకే. ఇప్పుడు మన వెనక పేట నడుస్తోంది. నోటుపుస్తకంలో ప్రతి కుక్కకీ ఒక పేజీ ఉంటుంది. రంగు, ఆడా మగా, ఎక్కడ పడుకుంటుంది, ఎవరు అన్నం పెడతారు, చెవి కోత ఉందా లేదా. పొద్దున్నే ఐదింటికి పట్టాలి, జనం తిరగడం మొదలైతే దొరకవు. ప్రతి వీధిలోనూ ఒక గడుసు ఆడకుక్క ఉంటుంది. ఆటో చప్పుడు వింటే గోడ దూకుతుంది. అది దొరక్కపోతే మిగిలినవన్నీ పట్టినా మళ్ళీ మొదటికొస్తుంది. దానికి రోజూ ముద్ద పెట్టే ముసలమ్మో, ఇడ్లీ బండి ఆయనో వచ్చి పక్కన కూర్చుంటేనే అది మా చేతికి చిక్కుతుంది. ఆపరేషన్ మేం చెయ్యం, చెయ్యకూడదు. 2023 నిబంధనల ప్రకారం జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉన్న సంస్థే చెయ్యాలి. హైదరాబాదులో బ్లూ క్రాస్ 1992లో, విశాఖలో జంతు సంరక్షణ సంఘం 1996లో మొదలయ్యాయి. మనలాంటి చిన్న ఊళ్ళకి ఆ భాగ్యం లేదు. కేంద్రం ఉన్న ఊరికి మోసుకెళ్ళాలి. కుట్లు మానాక తెచ్చి, పట్టిన సందులోనే దించాలి. పాలిచ్చే తల్లినీ, ఆరు నెలలు నిండని పిల్లనీ పట్టకూడదు. వాటి కోసం మళ్ళీ రావాలి.

మాస్టారు: మిగతా రోజులు?

అమ్మాయి: ఫోన్లే. మొన్నటిది చెబుతాను, వినడానికి కష్టంగానే ఉంటుంది. బస్టాండు వెనక ఒక మగకుక్క, చెవి వెనక పుండు. దూరంనుంచి రూపాయి బిళ్ళంతే. దగ్గరికెళ్తే కంపు. టార్చి వేస్తే లోపల కదులుతోంది. ఈగ పుండు మీద గుడ్లు పెట్టిందంటే ఒక్క రోజులో పురుగులవుతాయి, మాంసం తింటూ లోపలికి తొలుచుకుపోతాయి. మూతికి గుడ్డ కట్టి ఒకళ్ళం తల ఒళ్ళో పెట్టుకున్నాం, ఒకళ్ళం కాళ్ళు పట్టుకున్నాం. డాక్టరు చెప్పిన మందు చుక్కలు వేస్తే పురుగులు పైకొస్తాయి. పట్టకారుతో ఒక్కొక్కటే తియ్యాలి. అయిపోయిందనుకున్నాక కాసేపాగి మళ్ళీ టార్చి వేస్తే ఇంకా ఉంటాయి. మొదట్లో మూలిగింది. సగమయ్యేసరికి నా ఒళ్ళోనే నిద్రపోయింది. ఎన్ని రాత్రుల నిద్ర బాకీ ఉందో దానికి.

మాస్టారు: ఆ ఓపికేదో మనుషుల మీద చూపించొచ్చుగా? బస్టాండు వెనక మనుషులు కూడా పడుకుంటారు.

అమ్మాయి: ఆ రాత్రి టార్చి పట్టుకుని నిలబడింది అక్కడ పడుకునే ఆయనే. మాకు ఫోను చేయించిందీ ఆయనే.

మాస్టారు: (కాసేపాగి) సరే. దూడని కాలవలోంచి తీస్తే సరా? గోమాతని చూడరేం? ఆవులు రోడ్ల మీద ప్లాస్టిక్ తింటూ తిరుగుతున్నాయి.

అమ్మాయి: పుట్టపర్తిలో కరుణ సొసైటీ అని ఉంది. రోడ్ల మీద తిరిగే ఆవుల పొట్ట కోసి ఒక్కోదాంట్లోంచి పదుల కిలోల ప్లాస్టిక్ తీశారు. గట్టిగా ముద్దకట్టి, లోపల తాళ్ళూ మేకులూ చుట్టుకుని ఉండేది. 2012లో ప్లాస్టిక్ సంచుల మీద సుప్రీంకోర్టుకి వెళ్ళారు వాళ్ళు. ఆ సంచులు ఎక్కడివి మాస్టారూ? మిగిలిన అన్నం సంచిలో పోసి, ముడేసి, గోడ మీంచి విసిరేది మన కాలనీయే. చేతులు లేని జీవం ఆ ముడి విప్పలేదు, సంచితో సహా మింగుతుంది.

మాస్టారు: అన్నం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మూడో లైన్లో ఒకావిడ రోజూ స్కూలు గేటు ఎదుట గిన్నెడు పెరుగన్నం పోస్తుంది. పిల్లల్ని వదిలే వేళకి అరడజను కుక్కలు అక్కడే. మీలాంటివాళ్ళ అండ చూసుకునే కదా?

అమ్మాయి: వద్దని ఆవిడకి చెప్పాను, మళ్ళీ చెబుతాను. అన్నం పెట్టేది స్కూలు దగ్గరా ఆసుపత్రి దగ్గరా కాకూడదు, జనం తిరిగే వేళ కాకూడదు. ఇంకో సంగతి చెప్పనా? అన్నం పెడతారు గాని ఆపరేషనుకి పట్టనివ్వరు కొంతమంది. పాపం, కొయ్యడమేమిటంటారు. రాళ్ళేసేవాళ్ళతో కన్నా వాళ్ళతోనే మాకు ఎక్కువ గొడవ. ఏడాదికి పది పిల్లలు పుట్టి, వాటిలో చాలా వరకు లారీల కింద పడో రోగమొచ్చో చస్తుంటే చూడటాన్ని ప్రేమ అనలేను.

మాస్టారు: సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న కుక్కలన్నిటినీ షెల్టర్లలో పెట్టమంది. అది అమలు చేస్తే ఈ తగాదాయే ఉండదుగా?

అమ్మాయి: అది ఢిల్లీ చుట్టుపక్కలకి. ఆగస్టు 22న ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని మార్చింది. ఆపరేషనూ టీకా చేసి పట్టిన చోటే వదలండి, రేబిస్ ఉన్నవాటినీ అనుమానం ఉన్నవాటినీ, మీదపడి కరిచేవాటినీ మాత్రం వదలొద్దు, అన్నం పెట్టడానికి వార్డుకో చోటు చూపించండి అంది. నవంబరు 7న ఇంకో మాట చెప్పింది. స్కూళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కల్ని తీసేసి, మళ్ళీ అక్కడ వదలొద్దంది. మన స్కూలు ఆవరణ గురించి అర్జీ రాయండి, మొదటి సంతకం నాది. కాని షెల్టరంటే ఏమిటో ఒక్కసారి మా షెడ్డుకొచ్చి చూడండి. ఇరుకులో ఒక కుక్కపిల్లకి పార్వో రోగం వచ్చిందంటే రోజుల్లో మిగతా పిల్లలకీ పాకుతుంది. నెత్తురు విరేచనాలు, రాత్రంతా సెలైన్లు, పొద్దున్నే గొయ్యి తవ్వడం. ఉన్న చేతులతో కొన్నిటిని సాకడమే గగనం. ఊరి కుక్కలన్నిటినీ ఎవరు సాకుతారు?

మాస్టారు: షెడ్డు నింపుకునేది మీరేగా?

అమ్మాయి: మేం నింపలేదు. ఇళ్ళనుంచి వచ్చాయి. మన నాలుగో లైన్ వాళ్ళు మంచుదేశపు హస్కీని కొన్నారు, గుర్తుందా? మే నెల ఎండకి ఒళ్ళంతా పుళ్ళు పడితే ఒక రాత్రి మా గేటుకి కట్టేసి వెళ్ళిపోయారు. ముసలిదైన పొమేరియన్, చూపు పోయిన లాబ్రడార్, పుట్టినరోజు కానుకగా కొని పరీక్షలొచ్చాక వద్దనుకున్న పిల్ల. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017 నుంచి నిబంధన ఉంది. అమ్ముతూనే ఉన్నారు, కొంటూనే ఉన్నారు. జంతువుని కొట్టి హింసిస్తే 1960 నాటి చట్టం ప్రకారం మొదటి తప్పుకి జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయలనుంచి యాభై రూపాయలు.

మాస్టారు: యాభై రూపాయలా! (నవ్వలేదు ఆయన.) చూడమ్మా, డబ్బు మాట కూడా అడిగేస్తాను. ఊళ్ళో అనుకుంటున్నారు, విరాళాలు ఎక్కడికి పోతున్నాయోనని.

అమ్మాయి: అడగాల్సిందే. నేను ఆడిటరు దగ్గర పనిచేస్తాను, ఖాతా నేనే రాస్తాను. మందులు, డీజిలు, డాక్టరు ఫీజు, బియ్యం, చికెన్ కాళ్ళు. రశీదులన్నీ ఉన్నాయి. అయితే లెక్క రాసేది నేనే, ఫోనెత్తేది నేనే, వల పట్టేది నేనే. అది మంచి పద్ధతి కాదని నాకూ తెలుసు. కుర్రాళ్ళు ఉత్సాహంగా వస్తారు, ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతారు. నడుం విరిగిన కుక్కని డాక్టరు సూదితో ప్రశాంతంగా పంపించాల్సి వచ్చినప్పుడు పక్కన కూర్చుంటారు చూడండి, ఆ మర్నాటినుంచి కొందరు రారు. వాళ్ళని నేను తప్పుపట్టను. ఖాతా చూసేందుకు ఒక పెద్దమనిషి కావాలి. లెక్కలు తెలిసినవాళ్ళయితే మరీ మంచిది.

మాస్టారు: నన్ను నీ వైపు లాగకు. ఆ పనికి నేను ఒప్పుకోలేదు. కాని ఈ అర్జీలో తప్పుందని ఒప్పుకుంటాను. పంపించెయ్యండి అన్నది లెక్కకి నిలవదు. తిరగరాస్తాను. మన మునిసిపాలిటీకి ఆపరేషన్ల కేంద్రం కావాలని, వార్డు వార్డుగా పూర్తి చెయ్యాలని, మన ఆసుపత్రిలో ఇమ్యునోగ్లోబులిన్ ఎప్పుడూ ఉండాలని. చికెన్ కొట్టు సంగతి సంఘం చూసుకుంటుంది. చెత్త సంచుల్లో కట్టి పారేస్తే జరిమానా పెట్టిస్తాను. మరి నువ్వేం రాసిస్తావు?

అమ్మాయి: ఈ కాలనీలో చెవి కోత లేని కుక్కలన్నిటినీ ముందు పడతాం. వెనక పేట పూర్తవగానే ఇక్కడికే వస్తాం. పాపని కరిచిన కుక్క మీద నిఘా పెట్టాం. కరిచిన కుక్కని పది రోజులు కనిపెట్టి చూడాలి, అది ఆరోగ్యంగా ఉందా లేదా అని. ఇవాళ ఎనిమిదో రోజు, బాగానే తింటోంది. అలాగని పాపకి ఇంజక్షన్లు మాన్పించకండి. ఇంకెవరికైనా కాటు పడితే ముందు సబ్బుతో, ధారగా పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగమనండి. కారం, సున్నం, ఆకుపసరు పెట్టొద్దనండి. ఆ తర్వాత ఆసుపత్రి.

మాస్టారు: ఆ కుక్క మళ్ళీ ఎవరినైనా కరిస్తే?

అమ్మాయి: అలాంటిది తిరిగి వీధిలో ఉండకూడదు. అప్పుడు నేనే ఫోను చేసి పట్టిస్తాను.

మాస్టారు: అలా అయితే ఈసారి సంతకం తీసుకెళ్ళడానికి వస్తాను. నీతో ఏకీభవించి కాదు. పిల్లలు గేటు దాటాలి, నాకు కావాల్సింది అంతే.

అమ్మాయి: నాకు కావాల్సిందీ అదే మాస్టారూ. దానికి తోడు ఆ కుక్కలూ బతకాలి.

వాదన ఇక్కడితో ఆగింది, తెగలేదు. అందులో ఇద్దరూ అనని మాట నేను అంటాను. వీధికుక్కల బాధ్యత నిబంధనల ప్రకారం స్థానిక సంస్థలది. ఆ పనిలో పెద్ద వాటా మన ఊళ్ళలో జీతం లేని పిల్లలు, సొంత పెట్రోలు పోసుకుని, ఇంట్లో తిట్లు తింటూ, కాలనీలో శత్రువులై చేస్తున్నారు. వాళ్ళు మునిసిపాలిటీకి తోడు కాగలరు, మునిసిపాలిటీ కాలేరు. కనక మీ వీధిలో చెవి కోత లేని కుక్క ఉంటే, రాయి తియ్యకుండా, కళ్ళు మూసుకోకుండా, ముందు మునిసిపాలిటీకి లిఖితంగా రాయండి. రశీదు అడగండి. రాసిన కాగితం నకలు మీ ఊళ్ళో ఇలాంటి గుంపు ఉంటే వాళ్ళకివ్వండి. కుక్కపిల్ల కావాలంటే కొనకుండా వాళ్ళ షెడ్డుకి వెళ్ళి తెచ్చుకోండి. డబ్బివ్వలేకపోతే ఒక ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి వెళ్ళి ఆటో నడపండి. మందుల జాబితా రాసిపెట్టండి. లెక్కలు చూడండి. ఆ గుంపుల్లో ఇప్పుడు కొరతగా ఉన్నది మనుషులే.